తాడు పాలు

చేపల శాఖలో కొత్తగా చేరిన పిల్లలకు శిక్షణలో చాలా నేర్పుతారు. చేపపిల్ల ఏ జాతిదో గుర్తుపట్టడం, నీళ్ళ రంగు చూసి లోపలి సంగతి చెప్పడం, పై అధికారి తనిఖీకి వస్తే ఏ చెరువుకు తీసుకుపోవాలో, ఏ చెరువు దారిలో జీపు చెడిపోవాలో, అన్నీ నేర్పుతారు. నేర్పనిది ఒక్కటే, చేపను వద్దనడం. మీరు ఏ చెరువుగట్టు ఎక్కినా ఎవరో ఒకరు మీ సంచిలో ఒక చేప వేస్తారు. సంచి లేకపోతే జీపు సీటు కింద పెడతారు. నేను సర్వీసంతా వద్దంటూనే గడిపాను. నిజాయితీపరుణ్ణని గొప్ప చెప్పుకోవడానికి కాదు ఈ మాట. లోకంలో ఉన్న కానుకలన్నిటిలో వాసన వచ్చి సాక్ష్యం చెప్పేది చేప ఒక్కటే. భయపడ్డాను, అంతే.

ఆ వద్దనడం గురించే ఈ నాలుగు మాటలు. మీలో ఎవరికైనా చెరువుల మీద పని పడితే పనికిరావచ్చు. పడకపోతే ముసలాయన చాదస్తం అనుకోండి, అందులోనూ నిజం ఉంది.

మాది కేజీఎఫ్. మా తాత చిత్తూరు పక్క పల్లె నుంచి వచ్చి అక్కడి బంగారు గనిలోకి దిగాడు. మా నాన్న కూడా దిగాడు. నన్ను మాత్రం ఇద్దరూ కలిసి దిగనివ్వలేదు. గాలీ వెలుతురూ ఉండే ఉద్యోగం చూసుకోమన్నారు. చూసుకున్నాను. కోలారు జిల్లాలో చేపల శాఖ ఉద్యోగానికి గాలీ వెలుతురూ దండిగానే దొరికాయి, నీళ్ళే దొరకలేదు. మా జిల్లాలో చెరువులకు కొదవ లేదు. ఊరికొకటి, కొన్ని ఊళ్ళకు రెండేసి. వాటి నిండా తుమ్మచెట్లు. మా ఆఫీసు బోర్డు మీద వేసిన కట్ల చేపే జిల్లాలోకెల్లా పెద్ద చేప అని మా జీపు డ్రైవరు అనేవాడు. ఆయనా కేజీఎఫ్ మనిషే. తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒకే వాక్యంలో సర్దేసి, ఆ వాక్యంతో ఎదుటివాణ్ణి నవ్వించి, తాను మాత్రం నవ్వేవాడు కాదు.

అలా ఎండిన చెరువులను ఏళ్ళ తరబడి తనిఖీ చేసి, ఇంకొన్నేళ్ళలో నేనూ ఎండిపోయి రిటైరవుతానని అనుకుంటూండగా, నీళ్ళు వచ్చాయి. బెంగళూరు వాడుకుని వదిలేసిన నీళ్ళను శుభ్రం చేసి, గొట్టాల్లో మా జిల్లాకు పంపి, ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు నింపుకుంటూ పోయే పథకం. బెంగళూరు నుంచి ముందు నీళ్ళొచ్చాయి, వాటి వెనకే మనుషులొచ్చారు. కథంతా ఆ రెంటి మధ్యనే ఉంది.

వేమగల్‌కు అవతల ఒక పల్లె. పేరెందుకు, ఆ పల్లెకు ఇప్పుడు బోలెడు ఫోటోలున్నాయి, పేరు కూడా నేను చెప్పాలా? ఒకప్పుడు చెరువును నమ్ముకుని చేపలు పట్టి బతికిన కుటుంబాలు అక్కడ కొన్ని ఉండేవి. చెరువు ఎండాక కొందరు కూలికి పోయారు, వాళ్ళ కొడుకులు వేమగల్ ఫ్యాక్టరీల్లో షిఫ్టులకు పోయారు. వల అటకెక్కింది, వలస మిగిలింది. చెరువు నిండిందని తెలిసి, చేపలు పట్టేవాళ్ళ చేత సంఘం పెట్టించి చేపపిల్లలు పోయిద్దామని నేను పోయినప్పుడు, ఆ కుటుంబాలకు పెద్ద అయిన ఒక ముసలాయన అటక మీది పెద్ద వలను కిందికి దించి అరుగు మీద పరుచుకుని కూర్చున్నాడు. ఎలుకలు కొట్టిన కన్నాలు అల్లుతున్నాడు.

"సారుది యా ఊరు?" అని అడిగాడు, తల ఎత్తకుండా.

"కేజీఎఫ్."

అల్లే చెయ్యి ఆగింది. "గనోళ్ళా?"

"మా తాతా, నాన్నా గనిలో చేసినోళ్ళే."

ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "అట్లనా," అన్నాడు. "అయితే మీరు తాడు పట్టాల సారూ. వల దిగిన దినం మీరు తప్పకుండా తాడు పట్టాల," అన్నాడు.

మర్యాదకు అన్నాడనుకున్నాను. ఆ ఊరి కట్టుబాటు తెలిసింది తరువాత. పెద్ద వలను పుట్టిలో తీసుకుపోయి చెరువులో అర్ధచంద్రంగా వేస్తారు. రెండు కొసల తాళ్ళు పట్టుకుని గట్టు మీది వాళ్ళు లాగుతారు. పడిన చేపలో సగం సంఘానికి, సగం తాడుకు. తాడు మీద చెయ్యి వేసిన ప్రతి మనిషికీ సమానంగా ఒక పాలు. గొంతు దాకా నీళ్ళలో దిగి లాగినవాడికీ అంతే, కొసన ఊతకర్రతో నిలబడి రెండు వేళ్ళు ఆనించిన ముసలమ్మకూ అంతే. దారిన పోయే బాటసారికి కూడా. దాన్ని తాడు పాలు అంటారు. ఆ పాలు ఇవ్వకుండా ఉండకూడదు, తీసుకోకుండా పోకూడదు.

మరి కేజీఎఫ్ అనగానే చెయ్యి ఎందుకు ఆగిందంటే, దానికో కథ. ఎప్పుడో, ముసలాయన చిన్నప్పుడు, గనిలో పనిచేసే ఆ ఊరి మనిషొకడు సెలవుకు వచ్చి, వల లాగుతుంటే చూసి, ఉబలాటపడి తాడు పట్టబోయాడట. "నీకు బంగారముండాది గదా, నీకేంటికి చేప?" అని అప్పటి ఊరి పెద్ద వాడి చేతిలోంచి తాడు లాక్కున్నాడట. ఆ మనిషి మళ్ళీ ఊరికి రాలేదు. తరువాత కొన్నాళ్ళకు చెరువు ఎండింది. ఊరికి ఈ రెండూ ఒకటే సంగతి. నేను వర్షపాతం గురించీ, బోరుబావుల గురించీ, పూడిక గురించీ వివరంగా చెప్పాను. ముసలాయన శ్రద్ధగా విన్నాడు. "నిజమే సారూ," అన్నాడు. "అయినా ఆ తాడు లాక్కోకుండా ఉండాల్సింది."

ఆ తరువాత చిన్న వలలు వేసి పట్టిన ప్రతిసారీ ఆయన తాడు కొస నా వైపు చాపేవాడు. నేను చేతులు వెనక్కి కట్టుకునేవాణ్ణి. "రూల్సు ఒప్పుకోవప్పా. తాడు పడితే పాలు ఇస్తారు, పాలు తీసుకుంటే మా వాళ్ళు నాకు వేరే వల వేస్తారు," అనేవాణ్ణి. ఆయన నవ్వేవాడు కాదు. వద్దన్నది నేను చేపను. ఆయనకు వినపడింది ఇంకేదో అని నాకు ఆలస్యంగా తెలిసింది.

పోసిన చేపపిల్లలు బాగా ఎదిగాయి. కట్ల, రోహు గట్టు మీంచి చూస్తేనే కనిపించేవి. అయినా పెద్ద వల దింపాలంటే మనుషులు కావాలి. చిన్న వల ఇద్దరు ముసలివాళ్ళు వేసుకుంటారు, పెద్ద వలకు వయసులో ఉన్న భుజాలు కావాలి. ఆ భుజాలన్నీ వేమగల్ షిఫ్టుల్లో ఉన్నాయి. ముసలాయన కొడుకు అక్కడ మిషను మీద ఉండేవాడు. వాడి ఈడు వాళ్ళు చాలామంది వాడి మాట మీద నడిచేవాళ్ళు. ముసలాయన ఆశంతా వాడే. తాను పోయాక వల ఎవరి చేతికి అనేదే ఆయనకున్న ఒకే ఒక్క ప్రశ్న. సంఘమూ, సబ్సిడీ పుట్టీ, నేనూ, మా శాఖా, అవన్నీ ఆ ప్రశ్నకు వేసిన అతుకులు.

చాలా నాళ్ళు బతిమాలించుకుని కొడుకు ఒప్పుకున్నాడు. నా ఎదుటే అన్నాడు: "సరే నాయనా. ఒక ఆదివారం మేమంతా వస్తాము. పెద్ద వల దింపుదాము. కుప్ప బాగా వస్తే, ఇంగ షిఫ్టుకు పోయేది లేదు. రాకుంటే మళ్ళా ఈ మాట ఎత్తగూడదు."

"ఎత్తనురా," అన్నాడు తండ్రి. జీపులో వస్తూ మా డ్రైవరు, "సార్, నా కొడుకు కూడా ఇట్ల నాకు ఒక ఆదివారం ఇస్తే నేను వలేసి పట్టుకుంటాను," అన్నాడు.

ఈలోగా బోర్డులు వచ్చాయి.

బెంగళూరులో ఒక జట్టు ఉంది. సముద్రపు అలల మీద పలక వేసుకుని స్వారీ చేయడం నేర్పుతారు. కానీ అల మీద నిలబడాలంటే ముందు పలక మీద నిలబడడం రావాలట. అది నిలకడ నీళ్ళలో నేర్చుకోవాలట. సముద్రం దూరం, మా చెరువు దగ్గర. అలా అలలెక్కబోయేవాళ్ళంతా వారం వారం అలలు లేని మా జిల్లాకు రావడం మొదలుపెట్టారు. పొడుగాటి రంగురంగుల పలకల మీద, చేతిలో తెడ్డు పట్టుకుని, కొంగల్లా నిలబడి చెరువంతా తిరిగేవాళ్ళు. ఒక్కొక్కరే పడేవాళ్ళు. పడ్డప్పుడల్లా గట్టు మీద పిల్లలూ ముసలమ్మలూ చప్పట్లు కొట్టేవాళ్ళు. "మన శాఖకు ఉండేది ఒక్క బోర్డు సార్, అది గోడకే ఉండాది. వోళ్ళ బోర్డులు చూడండి, నీళ్ళల్లో పని చేస్తాండాయి," అన్నాడు మా డ్రైవరు.

ఆ జట్టును నడిపే అమ్మాయి మంచిది. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి కథల్లో పట్నం నుంచి వచ్చినవాళ్ళను దొంగలను చేయడం మనకు అలవాటు. ఆ అమ్మాయి గట్టు మీద చెత్త ఏరించింది, సంఘం అనుమతి అడిగింది, ఆడవాళ్ళ చేత ముద్ద, పులుసు వండించి తనతో వచ్చినవాళ్ళకు పెట్టించింది. ముసలాయనను "అంకుల్" అనేది. ఆయనకు ఆ పిలుపు నచ్చింది. ఎవరి మీదైనా నాకు కోపం ఉంటే ఈ కథ రాయడం సులువయ్యేది.

ఫ్యాక్టరీ వాళ్ళకు సెలవు దొరికేది ఆదివారమే. బోర్డుల వాళ్ళు వచ్చేదీ ఆదివారమే. ముసలాయన పంచాంగంలో రాహుకాలం చూసుకున్నాడు కానీ దీన్ని చూసుకోలేదు.

ఆ ఆదివారం పొద్దున చెరువు మీద మంచు ఇంకా విడలేదు. కొడుకూ, వాడి స్నేహితులూ ఫ్యాక్టరీ చొక్కాలు విప్పి చెట్టు కొమ్మలకు తగిలించి నీళ్ళలోకి దిగారు. చాలా ఏళ్ళకు దిగుతున్నారు కదా, మొదట చలికి అరిచి, ఒకణ్ణొకడు ముంచి, చిన్నపిల్లలైపోయారు. ముసలాయన పుట్టిలో నిలబడి వల వదులుతూ పోయాడు. ఆయన వీపు నిటారుగా ఉండడం నేను చూసింది ఆ రోజే. వల అర్ధచంద్రం కట్టి, రెండు తాళ్ళ కొసలూ గట్టుకు చేరాయి. ముళబాగిలు నుంచి వచ్చిన చేపల వ్యాపారి లారీ పక్కన నిలబడి పళ్ళు కుట్టుకుంటున్నాడు.

అప్పుడే బోర్డుల బస్సు వచ్చింది. పెద్ద గుంపు. ఆ అమ్మాయి చెప్పులు చేతిలో పట్టుకుని పరుగెత్తుకుని వచ్చింది.

"అంకుల్, వల లాగుతున్నారా? మేము కూడా లాగొచ్చా? ప్లీజ్!"

ముసలాయన నోరు తెరిచేలోగా నేను ఆయనను పక్కకు పిలిచాను. నాకు లెక్కలు రావు కానీ ఈ ప్రమాదం తెలిసింది. ఇంతమంది తాడు పడితే అందరికీ పాలు పడుతుంది, కుప్పలు చిన్నవైపోతాయి, ఆ కుప్పల కోసమే కదా కొడుకు వచ్చింది. "పెద్దాయనా, వాళ్ళకు వేరే తాడొకటి ఇద్దాం. అదిగో, ఆ గుంజకు కట్టి ఇద్దాం. లాగినట్టుంటుంది, ఫోటో వస్తుంది, వలకు సంబంధం ఉండదు," అన్నాను.

"సూపర్ సార్," అన్నాడు మా డ్రైవరు వెనక నుంచి. "మన ఆఫీసులో అందరమూ లాగేది ఆ తాడే."

ముసలాయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "ఉత్త తాడు ఇచ్చేదా సారూ? అడిగిన చేతికి?" అన్నాడు. "తాడు లేదని చెప్పినా ఒక తీరు. ఉత్త తాడు ఇచ్చేది యా మనిషి చేసే పనా?"

"వాళ్ళకు తెలీదు కదప్పా."

"నాకు తెలుసు గదా."

ఆ అమ్మాయి వైపు తిరిగి, "రాండమ్మా, అందరూ పట్టండి," అన్నాడు.

పట్టారు. గట్టు పొడవునా రంగురంగుల మనుషులు. మావాళ్ళు హైలెస్సా అన్నప్పుడు వాళ్ళు ఆగేవాళ్ళు, మావాళ్ళు ఊపిరి తీసుకున్నప్పుడు వాళ్ళు హైలెస్సా అనేవాళ్ళు. కొందరు ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో ఫోను. ఒకాయన తాడు పట్టుకుని ఫోటో తీయించుకుని, బాగా రాలేదని మళ్ళీ వచ్చి పట్టాడు. అయినా నిజం చెప్పాలి, ఆ కాసేపూ బాగుంది. చెరువు గట్టు మీద అంతమందిని ఆ ఊరు ఎన్నడూ చూసి ఉండదు. ముసలాయన తాడు పక్కనే నడుస్తూ మెల్లగా, మెల్లగా అంటున్నాడు. నా దగ్గరికి వచ్చి కొస చాపాడు. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను.

వల దగ్గరికొచ్చింది. నీళ్ళు ఉడికినట్టు కదిలాయి. కట్లలు ఎగిరి వల మీదుగా దూకబోయి వెనక్కి పడుతున్నాయి. కొడుకు ఒక పెద్ద కట్లను రెండు చేతులా ఎత్తి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎదకు ఆనించుకుని, "నాయనా, చూడు!" అని అరిచాడు. చూడు అన్న ఆ మాటలో వాడు సగం తిరిగి వచ్చేశాడు. ముసలాయనకూ అది తెలిసింది. కండువాతో మొహం తుడుచుకున్నాడు.

సంఘం సగం లారీకి పోయింది. మిగిలిన సగాన్ని ఆకుల మీద కుప్పలు పోశారు. మొట్టమొదటి కుప్ప గట్టు చివరన పెట్టారు. అది పోయినోళ్ళ పాలు. ఒకప్పుడు ఈ తాడు లాగి, ఇప్పుడు లేనివాళ్ళది. దాన్ని ఎవరూ ముట్టుకోరు, గద్దలు ఎత్తుకుపోతాయి. ఆ తరువాత బతికున్న చేతులన్నిటికీ. కుప్పలు గట్టు పొడవునా సాగిపోయాయి, సాగేకొద్దీ చిన్నవయ్యాయి. కొడుకు వాటిని చూస్తున్నాడు.

పాలు పంచే పద్ధతి ఒకటుంది. పెద్ద మనిషి కుప్పలకు వీపు పెట్టి చెరువు వైపు తిరిగి నిలబడతాడు. ఇంకొకరు ఒక కుప్ప మీద కర్ర పెట్టి "ఇది ఎవురికి?" అంటారు. చూడకుండానే ఆయన ఒక పేరు చెబుతాడు. పక్షపాతం ఉండకూడదని. ఆ రోజు కర్ర కొడుకు చేతికి ఇచ్చారు.

"ఇది ఎవురికి?"

ఊరివాళ్ళ పేర్లు మొదట వచ్చాయి. తరువాత ముసలాయనకు పేర్లు తెలియనివాళ్ళు వచ్చారు. ఆయన కళ్ళు మూసుకుని, తాడు వెంట ఎవరెక్కడ నిలబడ్డారో గుర్తు చేసుకుంటూ చెప్పాడు.

"ఎర్ర చొక్కా అప్పకు."

ఎవరూ రాలేదు.

"టోపీ అమ్మకు... గడ్డం అప్పకు... రెండుసార్లు పట్టిన అప్పకు."

"రెండుసార్లు పట్టిన అప్ప రెండు టీ తాగుతాండాడు," అన్నాడు మా డ్రైవరు మెల్లగా. ఎవరూ నవ్వలేదు. గుంపంతా అప్పటికే బోర్డులు దింపుకుంటోంది. పిలుపులు వినిపించిన ఆ అమ్మాయి పరుగున వచ్చింది. ఆకుల మీద కుప్పలు చూసి, సంగతి అర్థమై, మొహం ఎర్రబడింది. ఎంతో మర్యాదగా, ఎంతో ప్రేమగా అంది: "అయ్యో, మాకు వద్దు అంకుల్. మీరే ఉంచుకోండి. మేము సరదాకు పట్టాం, అంతే."

ముసలాయన ఇటు తిరగలేదు. చెరువు వైపే చూస్తూ నిలబడ్డాడు.

ఆ వద్దు నాకు బాగా తెలిసిన వద్దు. అదే మర్యాద, అదే చిరునవ్వు. ఇన్నేళ్ళూ అది ఎలా వినిపించేదో పక్కన నిలబడి వినడం నాకు అదే మొదటిసారి.

"అవి కూడా ఊరోళ్ళకు పంచేద్దామప్పా," అన్నాను.

"పిలిచినాంక అవి వాళ్ళవి సారూ. పిలిచినాంక రాలేదంటే..." ఆయన వేలు గట్టు చివరి కుప్ప వైపు చూపించింది. "అవి కూడా ఆ పాలే. ముట్టుకునేదానికి లేదు."

"బతికుండారు నాయనా వోళ్ళు!" అన్నాడు కొడుకు. చేతిలో కర్ర అలాగే ఉంది. "అదిగో, ఆడ ఆడుకుంటాండారు. మేము గొంతు దాకా నీళ్ళల్లో ఉండి లాగినాము, మాకు ఒక పాలు. ఫోటోకు పట్టినోళ్ళకూ ఒక పాలు. సరే, అది తాడు ధర్మం అంటివి, నేనేమన్నా అన్నానా? ఇప్పుడు అది గద్దలకా?"

"తాడు పట్టినోడికి లేదన్న దినమే నీళ్ళు పోయినాయిరా."

"నీళ్ళు బెంగళూరు నుంచి గొట్టంలో వస్తాండాయి నాయనా!"

ఇద్దరి మాటా నిజమే. అందుకే ఎవరూ మధ్యలోకి పోలేదు. నేను పోవాల్సినవాణ్ణే. గద్దలను చూస్తూ నిలబడ్డాను. అప్పటికే రెండు దిగాయి. బోర్డుల మీదివాళ్ళు గద్దలను చూసి సంతోషంగా కేకలేశారు, ఫోన్లు తీశారు.

కొడుకు కర్రను తండ్రి కాళ్ళ దగ్గర పెట్టాడు, విసరలేదు. కొమ్మ మీది ఫ్యాక్టరీ చొక్కా తీసుకున్నాడు. "వల నువ్వేసుకో. నాకు రేపు షిఫ్టు," అన్నాడు. వాడి వెనకే మిగిలినవాళ్ళు, తమ చిన్న కుప్పలను చొక్కాల్లోనూ తువ్వాళ్ళలోనూ చుట్టుకుని పోయారు. వాళ్ళెవరూ తమ పాలు వదిలిపెట్టలేదు, అది గమనించండి. అలిగి పోయేవాడు కూడా తన పాలు తీసుకునే పోయాడు.

పెద్ద వల మళ్ళీ దిగలేదు. చిన్న వలలు కొన్నాళ్ళు ఆడాయి. బోర్డుల కింద రెక్కలు వలలకు తగులుకుంటున్నాయని ముందు ఆదివారాలు వల వేయడం ఆపారు, తరువాత శనివారాలు, తరువాత వలలు ఆరబెట్టే చోట బట్టలు మార్చుకునే గదులు వచ్చాయి. ఎవరూ బలవంతం చేయలేదు. ప్రతిదానికీ సంఘం సమావేశం జరిగింది, ప్రతి సమావేశంలోనూ నేను ఉన్నాను, ప్రతి తీర్మానమూ చదివితే న్యాయంగానే ఉంటుంది. పుట్టి మునగడానికి తుఫాను రావాలి కానీ, ఊరు మునగడానికి తీర్మానాలు చాలు. తరువాత నేను రిటైరయ్యాను. శాలువా కప్పి, ఇత్తడి చేప ఒకటి బహుమతి ఇచ్చారు. వాసన రాదు కదా, తీసుకున్నాను.

రాబర్ట్‌సన్‌పేటలో కాపురం. పొద్దున నడకకు పోతే, బంగారం తీశాక పారబోసిన గని మట్టి, ఆ సయనైడ్ దిబ్బల మీద ఫోటోలు దిగేవాళ్ళు కనిపిస్తారు. మా నాన్న ఊపిరితిత్తుల్లోకి పోయిన దుమ్ము ముందు నిలబడి రెండు వేళ్ళు చూపిస్తుంటారు. వాళ్ళకు నేనే ఫోటో తీసి పెట్టాను, చాలాసార్లు. అలా ఒక రోజు తీసి పెట్టి ఇంటికొస్తుంటే ఎందుకో ఆ చెరువు గుర్తొచ్చింది. ఆ వారమే బస్సెక్కాను.

గట్టు మీద దారి వేశారు, బెంచీలు వేశారు. ఒక క్యాంటీను ఉంది, అందులో మంగళూరు వైపు నుంచి మంచులో పెట్టి తెచ్చిన సముద్రపు చేప, బంగుడె వేపుడు. సముద్రానికి పోయేముందు నాలుకకు కూడా శిక్షణ కాబోలు. నీళ్ళలో నారింజరంగు జాకెట్టు వేసుకుని, పలక మీద తూలుతున్న ఒకావిడకు నడుము ఎలా నిలపాలో నేర్పుతున్నాడు ముసలాయన కొడుకు. బాగా నేర్పుతున్నాడు. పడబోతే పట్టుకుంటున్నాడు, నవ్విస్తున్నాడు. షిఫ్టు మానేశాడట.

ముసలాయన తాటాకు పందిరి కింద కూర్చుని ఉన్నాడు. ఆయనకూ నారింజ జాకెట్టు. పలకరించాను. "కొడుకు ఊరికొచ్చేసినాడు సారూ," అన్నాడు. "వలకు రాలే. ఊరికొచ్చినాడు. నేను అడిగింది ఏమో, దేవుడు విన్నింది ఏమో."

పందిరి ముందు, గట్టు వారన ఒక గుంజ. గుంజకు తాడు. తాడు నీళ్ళలోకి పోయి, అక్కడ బెండ్లు కట్టిన చిన్న వల ముక్క తేలుతోంది. కొందరు దాన్ని లాగుతూ హైలెస్సా అంటున్నారు. మరొకరు ఫోటో తీస్తున్నారు.

నన్ను గుర్తుపట్టి బోర్డుల అమ్మాయి వచ్చింది. "అంకుల్, ఎన్నాళ్ళకు! అది చూశారా? మీ ఐడియానే. ఆ రోజు మీరే అన్నారు కదా, వేరే తాడు కట్టమని. డ్రైవర్ అన్న తరువాత చెప్పారు. ఎవరికీ ఇబ్బంది లేదు ఇప్పుడు," అంది.

అవునమ్మా అన్నాను. నా సర్వీసులో నేను ఇచ్చిన సలహాల్లో అమలైంది అదొక్కటే.

ఆ గుంపు పోయాక తాడు ఖాళీగా నీళ్ళలో వదులుగా పడి ఉంది. ముసలాయన దాన్ని చూస్తున్నాడు, నన్ను చూస్తున్నాడు. చాపలేదు. చాపడానికి అది నిజం తాడు కాదని ఆయనకు తెలుసు. నాకు అప్పుడు తోచింది, నా మీద ఇప్పుడు ఏ రూలూ లేదని. లేచి వెళ్ళి, చెప్పులు విడిచి, తాడు పట్టుకున్నాను. లాగాను. గుంజ కదల్లేదు, వల ముక్క కొంచెం కదిలింది. తడి తాడు అరచేతికి గరుకుగా తగిలింది. ఇంతేనా, ఇన్నేళ్ళు వద్దన్నది అనుకున్నాను.

తిరిగి చూస్తే ముసలాయన పందిరి కింద లేడు. సరే, చెప్పకుండా పోవడమెందుకని కాసేపు చూసి, బస్సు వేళయిందని గట్టు దిగాను. వెనక నుంచి కేక.

"సారూ! కేజీఎఫ్ సారూ!"

జాకెట్టు ఊగుతుండగా ఆయన ఆయాసపడుతూ వచ్చాడు. చేతిలో ఆకు పొట్లం. నా ముందు నిలబడి, వెంటనే ఇవ్వలేదు. ముందు నాకు వీపు పెట్టి చెరువు వైపు తిరిగాడు. పొట్లాన్ని పక్కకు చాపి పట్టుకుని, తనే అడిగాడు: "ఇది ఎవురికి?" తనే చెప్పాడు: "కేజీఎఫ్ అప్పకు."

తీసుకున్నాను. పొట్లం చల్లగా ఉంది. ఆకు అంచుల్లోంచి మంచు కరిగి చేతి మీద కారింది. చేపల శాఖలో బతుకంతా పనిచేసినవాణ్ణి, విప్పి చూడనక్కరలేదు. కోలారు జిల్లాలో ఏ చెరువులోనూ పుట్టని చేప అది. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. ఇద్దరమూ చెరువు వైపు చూశాం.

"బస్సు పోతుంది సారూ," అన్నాడు. "పోయిరాండి. ఈ దినమే వండుకోవాల."

బస్సంతా వాసన కొట్టింది. ఇంట్లో పొట్లం విప్పి మా ఆవిడ రెండు బంగుడెలనూ తిప్పి తిప్పి చూసింది. "చెరువుకు పోయినానంటిరి, ఇవి సముద్రానివి గదా? యాడ పట్టినారు ఇవి?"

"తాడు పాలు," అన్నాను. "యాడివని అడక్కూడదు. ఈ పూటే వండాల."

వండింది. నేను ముల్లు కూడా వదలలేదు.